ఇటలీ సూప్‌కు మన యఖ్నీ
హోటల్లో తాగిన మినెస్ట్రోనీ సూప్ ఇంట్లో చేసిపెడితే పిల్లలకు వాంతులయ్యాయని ఫ్రేజర్‌టౌన్ నుంచి ఒకామె వచ్చింది. తప్పు రాజ్మాది. సరిగా ఉడకని రాజ్మాలో విషగుణం ఉంటుంది, సన్నసెగకు అది పోదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లనిచ్చి, ఆపై మెత్తగా ఉడికించాలి.

బయట సూప్‌లో పంది మాంసమో, వైనో పడవచ్చు, అడిగి తాగండి. ఇంట్లో మటన్ ఎముకల యఖ్నీ చాలు. అందులో ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్, టమాటా, ఉడికిన రాజ్మా వేసి మగ్గనివ్వండి. రసెల్ మార్కెట్‌లో సెలరీ దొరికితే సరే, లేకున్నా లోటు లేదు. పాస్తా చివర్లోనే, లేదంటే ముద్దవుతుంది. ఒరెగానో బదులు చిటికెడు వాము వేయండి. వాసన దగ్గరే, పైగా రాజ్మా పుట్టించే గ్యాస్‌కు మన హకీములు వాడేదీ అదే. బీపీ ఉన్నవారు మాత్రం సూప్ క్యూబులు వేయకండి, వాటిలో ఉప్పు ఎక్కువ.