చెరువు నిండితే చాలదు, జీవం నిండాలె

కొత్తగా పూడిక తీసిన చెరువులో, ఏండ్లుగా పొక్లెయిన్ దిగని పాత చెరువులో వల వేసి చూడండి. నీళ్లు రెండింట్లోనూ ఉంటాయి. పాతదాంట్లో కొర్రమట్ట, జెల్ల, పరక, నత్త, ఎండ్రికాయ కలిసి పడతాయి. కొత్తదాంట్లో మొదటి ఏండ్లలో ఎక్కువగా మనం పోసిన బొచ్చె, రవ్వలే దొరుకుతాయి.

ఈ తేడా సముద్రం ఒడ్డునా ఉంది. మన ధర్మపురి, మంథని దాటిపోయిన గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దగ్గర్లో కోరింగ మడ అడవులున్నాయి. ఉప్పునీటి బురదలో పెరిగే ఈ చెట్ల వేళ్ల మధ్యే రొయ్య పిల్లలు, పీతలు పెరుగుతాయి. చెట్లు నరికిన చోట నేల కుంగి, పోటు నీరు నిలిచి, ఎండకు ఉప్పు పేరుకుంటుంది. అక్కడ ఉత్తగా మొక్క నాటితే బతకదు.

1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి అలాంటి చోట్ల చేప ముల్లు ఆకారంలో పిల్ల కాలువలు తవ్వించాయి. పోటుకు నీరు లోపలికి వచ్చి, ఆటుకు వెనక్కి పోవడంతో ఉప్పు తగ్గింది. ఆ తర్వాతే మడ మొక్క నిలిచింది.

అయితే పచ్చదనం వచ్చినంత తొందరగా జీవం రాదు. బాగుచేసిన 621 చిత్తడి నేలలను సహజమైన వాటితో పోల్చిన అధ్యయనం ఒకటి 2012లో వెలువడింది. వందేండ్లు గడిచినా మొక్కలు, జీవాల సమృద్ధి సగటున 26 శాతం తక్కువే ఉందట. పారే నీటితో సంబంధం ఉన్నవి మాత్రం తొందరగా కోలుకున్నాయి.

మన చెరువుకూ ఇదే లెక్క. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో పూడికతీత ఊరూరా తెలిసింది. పూడిక తీస్తే నీటి నిల్వ పెరుగుతుంది, ఒండ్రు పొలానికి బలం. కానీ అంచులదాకా నిలువునా తవ్వితే కొర్రమట్టకు చోటుండదు. అది గడ్డి ఉన్న పల్చని నీటిలోనే గూడు చేసి గుడ్లు పెడుతుంది. బొచ్చె, రవ్వ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు కాబట్టి వాటి పిల్లలను మళ్లీ మళ్లీ పోయాల్సిందే. కొర్రమట్టకు చోటు మిగిల్చితే చాలు, తన సంతతిని తానే పెంచుకుంటుంది.

ఎండాకాలంలో తవ్వేముందు ఇవి గుర్తుంచుకోండి:

* శిఖం వైపు పల్చని అంచును, తుంగను కొంతమేర ముట్టవద్దు.
* వీలైతే సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు తవ్వండి. తవ్వని సగంలోని నత్త, చేపే మిగతా సగానికి విత్తనం.
* ఒండ్రు వరకే తీయండి. కింది గట్టి మన్ను పగిలితే నీరు ఇంకిపోతుంది.
* పై చెరువు మత్తడి నుంచి వచ్చే కాల్వను పూడనివ్వకండి. నీటితోపాటే చేప పిల్లా వస్తుంది.
* మందు కొట్టిన పంపులు చెరువులో కడగవద్దు.

ఈ సంగతి మత్స్య సహకార సంఘంతో, ఆయకట్టు రైతులతో ముందే కూర్చొని మాట్లాడుకోవాలి. పొక్లెయిన్ చెరువులో దిగినాక ఎంత మొత్తుకున్నా లాభం లేదు.