ఇప్పుడు నా ఫోన్‌లో నడుస్తున్న 4 ఆల్బమ్‌లు, ఎందుకు వింటున్నానంటే

ఉంగుటూరు నుంచే మాట్లాడుతున్నా. ఏలూరు దాటాక వచ్చే ఉంగుటూరు కాదండోయ్, మనది గన్నవరం పక్కన, కృష్ణా జిల్లాది. మామిడికాయల సీజన్ కదా, నూజివీడు వైపు లోడు బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. మధ్యలో హారన్లు వినిపిస్తే అడ్జస్ట్ అయిపోండి.

"ఇప్పుడేం వింటున్నావ్ బ్రో?" అని చాలామంది అడుగుతున్నారు. విడి పాటలు కాదు, ఆల్బమ్‌లు చెప్తా. ఒక్కోటి ఎందుకు వింటున్నానో కూడా చెప్తా. "సూపర్ ఉంది, విను" అంటే ఎవరూ వినరు. "ఇందులో ఇది ఉంది, అది గమనించు" అంటే వింటారు.

ముందు ఒక చిన్న టెక్నికల్ విషయం. మీరు ఒక పాట పెట్టి ఫోన్ పక్కన పడేస్తే, తర్వాతి పాటని యాప్ ఎంచుతుంది. మీలాంటి టేస్ట్ ఉన్నవాళ్లు ఏం విన్నారో చూసి అదే మీకూ పెడుతుంది. అంటే ఎక్కువమంది విన్నది ఇంకా ఎక్కువమందికి వెళ్తుంది. స్పాటిఫైలో అయితే 30 సెకన్లు దాటి వింటేనే ఒక ప్లే కింద లెక్క. నెమ్మదిగా మొదలయ్యే పాట అక్కడే ఓడిపోతుంది. కొన్నేళ్లు కోడ్ రాసినవాడిగా చెప్తున్నా, ఇందులో కుట్రేం లేదు. చెప్పిన పని అది చేస్తోంది, అంతే. కాకపోతే మనం పేరు కొట్టి వెతక్కపోతే, సినిమా పాట కాని తెలుగు సంగీతం మన ఫోన్‌లోకి రావడం చాలా కష్టం.

1. ఘంటసాల ప్రైవేట్ పాటలు

ఘంటసాల గారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. మనకి పక్కనే. సినిమా పాటలు కాకుండా ఆయన విడిగా ఇచ్చిన రికార్డులున్నాయి. ఇప్పుడవన్నీ కలిపి ఆల్బమ్‌లాగా పెడుతున్నారు. అందులో జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపం' వినండి. తమని కోయడానికి వచ్చిన మనిషిని పూలే నిలదీస్తాయి.

ఇక్కడ గమనించాల్సింది టైమ్. అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డు మీద ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలే పట్టేది. నాటకం స్టేజీ మీద అయితే రాగం ఎంతసేపైనా లాగొచ్చు, జనం వన్స్ మోర్ అంటే మళ్లీ పాడొచ్చు. రికార్డులో ఆ ఛాన్స్ లేదు. ఘంటసాల గారు రాగాన్ని తగ్గించి మాటని ముందు పెట్టారు. అందుకే పద్యాలతో అలవాటు లేనివాళ్లకి కూడా ప్రతి మాటా తెలుస్తుంది.

2. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, వేంకటేశ్వర పంచరత్నమాల

పేరులో ఉన్నట్టే ఇది 5 ఎల్‌పీల సెట్. ఎల్‌పీ అంటే ఒక్కో వైపు 20 నిమిషాలకు పైనే పడుతుంది, కాబట్టి తీరిగ్గా పాడొచ్చు. 1970ల చివర్లో సుబ్బులక్ష్మి గారి కుటుంబం డబ్బు ఇబ్బందుల్లో ఉంది. ఊరికే సాయం చేస్తామంటే తీసుకునే మనుషులు కాదు. అందుకని తిరుమల తిరుపతి దేవస్థానం ఆమెతో కీర్తనలు పాడించి రికార్డులుగా తెచ్చింది. ఒక ఆల్బమ్ ఆ ఇంటికి నిజంగా ఆసరా అయింది.

ఇంకో సంగతి. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి. వాటి మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. కాబట్టి మనం వినే ట్యూన్లలో ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో కట్టినవే. 'నానాటి బతుకు'కి రేవతి రాగంలో ట్యూన్ కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. 500 ఏళ్ల కిందటి మాటకి మొన్నమొన్నటి ట్యూన్. నాకు భలే నచ్చే సంగతి ఇది.

3. ఇళయరాజా, హౌ టు నేమ్ ఇట్

1986లో వచ్చింది. సినిమా లేదు, హీరో లేడు, మాటలు కూడా లేవు. త్యాగరాజుకీ, జర్మనీ సంగీతకారుడు బాఖ్‌కీ అంకితం ఇచ్చారు. 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్' అనే ట్రాక్‌లో బాఖ్ రాసిన వయొలిన్ ముక్క నడుస్తుంటే, దానితోపాటు మన కర్ణాటక వయొలిన్ వచ్చి కలుస్తుంది. వాయించింది వి.ఎస్. నరసింహన్. మాటల్లేవు కాబట్టి పని చేసుకుంటూ వినొచ్చు అనుకుంటాం. కానీ ఈ ట్రాక్ దగ్గర చేతిలో పని ఆగిపోతుంది.

4. అల వైకుంఠపురములో

"ఇది అందరూ విన్నదే కదా" అంటారు. విడివిడిగా విన్నారు. సినిమా 2020 సంక్రాంతికి వచ్చింది, 'సామజవరగమన' మాత్రం 2019 సెప్టెంబర్‌లోనే వచ్చేసింది. ఒక్కో పాటా విడిగా వదిలారు. ఆ పాట రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. కోట్లమంది విన్నారు, రాసింది ఎవరో ఎంతమందికి తెలుసు? తమన్‌కి ఈ ఆల్బమ్‌కి జాతీయ అవార్డు వచ్చింది. ఒకసారి వరసగా పెట్టి వినండి, ఒక పాటకీ ఇంకో పాటకీ వాయిద్యాలు ఎంత మార్చారో అప్పుడు తెలుస్తుంది.

సరే, ఇప్పుడు మనం ఏం చేయాలి?

ఆల్బమ్ పెట్టేముందు షఫుల్ ఆపేయండి. ఆటోప్లే కూడా ఆపేయండి. డేటా గురించి భయం వద్దు. 128 కేబీపీఎస్ క్వాలిటీలో నిమిషానికి సుమారు 1 ఎంబీ, అంటే 45 నిమిషాల ఆల్బమ్‌కి 45 ఎంబీ. ఒక్క రీల్స్ రౌండ్‌కి అంతకంటే ఎక్కువే పోతుంది. పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే చాలా యాప్‌లలో క్రెడిట్స్ కనిపిస్తాయి, అవి చూడండి.

ఇంకోటి, ఒరిజినల్ అప్‌లోడ్‌లోనే వినండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని మార్చి, పాట రాసినవాళ్లకీ ట్యూన్ కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా ఉండేలా చేశారు. ఎవరో కాపీ చేసి పెట్టిన వీడియోలో వింటే వాళ్లకి చేరేది ఏమీ ఉండకపోవచ్చు. ఇవాళ సినిమా ఛాన్స్ లేకుండా సొంతంగా పాటలు చేసుకుంటున్న తెలుగు కుర్రాళ్లకి, అమ్మాయిలకి ఇది ఇంకా ముఖ్యం. వాళ్లకి పోస్టర్ లేదు, హీరో లేడు. మీరు ఇంకొకరికి చెప్పడమే వాళ్ల పబ్లిసిటీ.

కాబట్టి ఈ వారం ఒక్క పని. ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా విని, ఒక ఫ్రెండ్‌కి పంపండి. లింక్ ఒక్కటే పంపితే తెరవరు. "మూడో పాటలో రెండో నిమిషం దగ్గర చూడు" అని ఒక్క ముక్క రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.