బరువు తగ్గించే గురువు ఎలా ఉండాలి?

నాగేపల్లిలోనైనా, సిరోంచలోనైనా మన ఇళ్ళలో అన్నమే ప్రధాన ఆహారం. కూర్చుని చేసే పని పెరిగితే పొట్ట కూడా పెరుగుతుంది. తగ్గుదామని మీరు జిమ్ముకు వెళ్ళారనుకోండి. అక్కడి శిక్షకుడు “ఇంత తింటే ఎలా తగ్గుతారు?” అని నలుగురిలో నవ్వితే మర్నాడు మళ్ళీ వెళ్తారా?

ఈ ధోరణి ఎక్కడో ఒకచోట మాత్రమే ఉన్నది కాదు. బ్రిటన్‌లో వ్యాయామ శిక్షకులపై జరిగిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. లావుగా ఉన్నవారంటే వారిలో చులకన భావం ఉందని అందులో తేలింది. ఎన్నడూ లావు కానివారిలో, బరువు పూర్తిగా మనిషి చేతిలోనే ఉందని నమ్మేవారిలో అది మరింత ఎక్కువ.

నిజానికి తిండి ఒక్కటే కారణం కాదు. వంశపారంపర్యం, థైరాయిడ్ లోపం, కొన్ని రకాల మందులు, నిద్రలేమి కూడా బరువు పెంచుతాయి. యూనానీలో స్థూలకాయాన్ని ‘సిమనె ముఫ్రిత్’ అంటారు. బల్గం (కఫం) పెరిగి, మిజాజ్ చల్లదనం, తేమ వైపు మొగ్గడమే దీనికి మూలమని హకీములు చెబుతారు.

ఆరోగ్యానికి తప్పనిసరి అని యూనానీ చెప్పే అంశాలు ఆరు: గాలి, అన్నపానాలు, శరీర చలనం-విశ్రాంతి, మనసు చలనం-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. శరీరంతో పాటు మనసుకూ ఇందులో చోటు ఉందని గమనించండి. మనసు నొప్పించి కసరత్తు చేయించడం సగం వైద్యమే.

ఎంత కసరత్తు చేయాలో ఇబ్నె సీనా ‘అల్ ఖానూన్’లో చెప్పారు. చర్మం రంగు తేరుతూ, కదలిక తేలికగా ఉన్నంతసేపే చేయాలి. ఆ లక్షణాలు తగ్గగానే ఆపాలి. అందరికీ ఒకే కొలత పనికిరాదు.

మంచి శిక్షకుడు ముందుగా మీ రక్తపోటు, షుగర్, మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతాడు. నెలకు పది కిలోలు తగ్గిస్తానని ఆశ పెట్టడు, పొడులు అమ్మడు. వారానికి అర కిలో తగ్గినా చాలు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, రక్తపోటు అదుపులోకి రావడానికి తోడ్పడుతుంది. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి.

జిమ్ము దొరకకపోయినా దిగులు వద్దు. ఫజ్ర్ తర్వాత అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు చురుగ్గా నడవండి. రాత్రి అన్నం తగ్గించి కూరగాయలు పెంచండి. ‘సఫూఫె ముహజ్జిల్’ వంటి మందులను హకీం సలహా లేకుండా వాడకండి. గర్భిణులు అసలు సొంతంగా వాడకూడదు.

చివరిగా పెద్దలకు ఒక మాట. ఇంట్లో కోడలినో, పిల్లలనో “లావయ్యావు” అని ఎత్తిపొడవకండి. వారితో కలిసి మీరూ నడవండి.