కేంద్రక గ్రాహకాలు: కొవ్వు సమతౌల్యం, శోథ నియంత్రణ, హైదరాబాదు పరిశోధన

కణం వెలుపలి పొరపై ఉండే గ్రాహకాలు హార్మోను సందేశాన్ని లోపలికి చేరవేస్తాయి. కేంద్రక గ్రాహకాల పద్ధతి వేరు. ఇవి తమను చేరిన కొవ్వు ఆమ్లాన్నో, స్టెరాల్‌నో పట్టుకొని నేరుగా డీఎన్‌ఏపై పనిచేస్తాయి. ఏ జన్యువు చురుకుగా ఉండాలో, ఏది అణగి ఉండాలో నిర్ణయిస్తాయి. మానవులలో ఇటువంటివి 48 ఉన్నాయి.

వీటిలో పీపీఏఆర్ కుటుంబం ప్రధానమైనది. ఆల్ఫా రూపం కాలేయంలో కొవ్వు ఆమ్లాల దహనాన్ని పెంచుతుంది. ఫైబ్రేట్ మందులు పనిచేసేది దీని ద్వారానే. గామా రూపం కొవ్వును కొవ్వు కణజాలంలోనే నిలిపి, శరీరం ఇన్సులిన్‌కు చక్కగా స్పందించేటట్లు చేస్తుంది. ఎల్‌ఎక్స్‌ఆర్ అనే మరొక గ్రాహకం, మాక్రోఫేజ్ కణాలలో పేరుకున్న కొలెస్టరాల్‌ను బయటికి పంపే ఏబీసీఏ1 జన్యువును ప్రేరేపిస్తుంది. శోథను రేపే ఎన్‌ఎఫ్-కప్పా-బి మార్గాన్ని కూడా ఈ గ్రాహకాలు అణచగలవు. ధమనుల గోడలలో కొవ్వు, శోథ ఒకదానినొకటి పెంచుకుంటాయి. రెండింటికీ ఒకే మీట దొరికినట్లు ఔషధ పరిశోధకులు భావించడం సహజమే.

ఆ మీటను పట్టుకోవాలని యత్నించినవారిలో హైదరాబాదు శాస్త్రజ్ఞులూ ఉన్నారు. నేడు జీవశాస్త్ర పరిశోధన అనగానే మేడ్చల్ జిల్లా శామీర్‌పేట సమీపంలోని తుర్కపల్లి, అక్కడి జీనోమ్ వ్యాలీ స్ఫురిస్తాయి. ఈ కథ మాత్రం నగరానికి మరోవైపు శివారైన మియాపూర్‌ది. 1990లలో డాక్టర్ రెడ్డీస్ పరిశోధన సంస్థ బాలాగ్లిటాజోన్, రాగాగ్లిటజార్ అనే అణువులను రూపొందించింది. మొదటిది గామాను పాక్షికంగా ప్రేరేపిస్తుంది. రెండవది ఆల్ఫా, గామా రెండింటినీ. డెన్మార్కుకు చెందిన నోవో నార్డిస్క్ 1997లో మొదటిదానికి, 1998లో రెండవదానికి లైసెన్సు తీసుకుంది. భారతీయ ఔషధ సంస్థలు అప్పటికి ప్రధానంగా ఇతరులు కనుగొన్న మందులనే తయారుచేస్తున్నాయన్నది గుర్తుంచుకోవాలి.

2002 జూలైలో రాగాగ్లిటజార్ మానవ పరీక్షలు నిలిచిపోయాయి. ప్రయోగశాల ఎలుకల మూత్రాశయంలో కంతులు కనిపించడమే కారణం. మీట అన్న ఉపమానం ఇక్కడే మోసపుచ్చుతుంది: ఈ గ్రాహకాలు కాలేయానికీ కొవ్వుకూ పరిమితమైనవి కావు, మూత్రాశయపు పొరలోనూ ఉన్నాయి. మందు అవయవాన్ని ఎంచుకోదు.

ఆల్ఫావైపే ఎక్కువ మొగ్గు ఉన్న సారోగ్లిటజార్, అహ్మదాబాదుకు చెందిన జైడస్ సంస్థ కృషి ఫలితంగా, 2013లో భారతదేశంలో ఆమోదం పొందింది. అదే ఏడాది జూన్‌లో, గామాపై పనిచేసే పయోగ్లిటాజోన్‌ను మూత్రాశయ క్యాన్సర్ భయంతో దేశంలో నిలిపివేసి, జూలై చివర హెచ్చరికతో తిరిగి అనుమతించారు. ఆ క్యాన్సర్ ఉన్నవారికీ, గతంలో వచ్చినవారికీ, కారణం తేలకుండా మూత్రంలో రక్తం పడుతున్నవారికీ ఆ మందు ఇవ్వరాదు.