దాంపత్యమున లోపముల లెక్క

దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు చెప్పుదురు. ప్రేమించిన కొత్తలో కనబడని లోపములు, కాపురము సాగిన కొలది కనబడుటకు కారణమేమి?

2000వ సంవత్సరమున లండనులో బార్టెల్స్, జెకీ అను శాస్త్రజ్ఞులు గాఢమైన ప్రేమలోనున్న 17 మందికి వారి ప్రియుల చిత్రములు చూపి మెదడును పరిశీలించిరి. ఆ సమయమున భయమునకు సంబంధించిన అమిగ్డలాలోను, మెదడు ముందుభాగమున కొన్నిచోట్లను చురుకుదనము తగ్గెను. కాని ఆ తొలినాటి తీవ్రత సాధారణముగా చిరకాలము నిలువదు.

హైదరాబాదులోని చైతన్యపురిలో కాపురముండు ఒక జంటను ఊహింపుడు. భర్త మెట్రో రైలు దిగి ఆలస్యముగా ఇల్లు చేరెను. కూరలు తెచ్చుట మరచెను. “ఈయనకు ఇంటి ధ్యాసయే లేదు” అని భార్య అనుకొనును. మరునాడు ఆమెయే పొయ్యిమీది పాలు మరచినచో, “పని తొందరలో మరచితిని” అనుకొనును. భర్తయు ఇట్లే తలచును. ఎదుటివారి తప్పునకు స్వభావమును, మన తప్పునకు పరిస్థితిని కారణముగా చెప్పు ఈ అలవాటును జోన్స్, నిస్బెట్ 1971లో వివరించిరి. ఇది ముఖ్యముగా చెడు జరిగినప్పుడే కనబడునని 2006లో మాల్ చేసిన సమీక్షవలన తేలినది.

దంపతుల వివాదములలో నూటికి సుమారు 69 పూర్తిగా తీరనివని అమెరికాలో గాట్‌మన్ లెక్కించెను. అవి స్వభావ భేదములనుండి పుట్టును. కనుకనే క్రిస్టెన్సెన్, జాకబ్సన్ అనువారు మార్పుతోపాటు అంగీకారమును నేర్పు చికిత్సను రూపొందించిరి. 134 జంటలపై జరిపిన పరీక్షలో, చికిత్స ముగియునప్పటికి ఈ పద్ధతిలో నూటికి 71 జంటలును, పాత పద్ధతిలో 59 జంటలును మెరుగుపడినవి. అయిదేండ్ల తరువాత రెండింటికిని భేదము స్వల్పమే. రెంటను దాదాపు సగము జంటలు మెరుగుగా నుండెను.

అంగీకారమనగా అన్నిటిని సహించుట కాదు. మితభాషిత్వము, మతిమరుపు స్వభావములు, దుష్ప్రవర్తన వేరు. గురజాడవారి ‘దిద్దుబాటు’ కథలో (1910) భార్య భర్త స్వభావమును నిందింపక, అతని నడతనే యుక్తితో సరిదిద్దును. ఇక కొట్టుట, భయపెట్టుట, డబ్బు అందనీయకుండుట లోపములు కావు, హింస. వాటినుండి స్త్రీలకు రక్షణగా 2005లో గృహహింస చట్టము చేయబడినది.

విద్యార్థులు దీనిని స్నేహితుల విషయమున పరీక్షింపవచ్చును. మిత్రుడొకడు చెప్పిన వేళకు రానప్పుడు తోచిన కారణమును వ్రాసి, దాని ప్రక్కన మరి రెండు పరిస్థితులను వ్రాయుడు. పిమ్మట అతనినే అడిగి, ఏది సరియైనదో చూడుడు.