మీకు తెలుసా? వలస కబురు గూగుల్‌కే ముందు!

విదేశం వెళ్లాలన్న ఆలోచన ఇంట్లో చెప్పకముందే చాలామంది గూగుల్‌లో కొట్టి చూస్తారు. పాస్‌పోర్టు, వీసా, ఎంబసీ, జీతం... ఇలాంటి మాటలను ఏ దేశంలో ఏ ఏడాది ఎంతగా వెతికారో చూస్తే అక్కడి నుంచి వలసలు ఎలా ఉంటాయో మెరుగ్గా అంచనా వేయవచ్చని మార్కస్ బోమె, ఆంద్రే గ్రోగర్, టోబియాస్ స్టోర్ అనే ఆర్థికవేత్తలు తేల్చారు. వారి వ్యాసం 2020లో ‘జర్నల్ ఆఫ్ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్’లో అచ్చయింది. ఊరికే వెతికేవాళ్లు ఉండరా అన్న అనుమానం వారికీ వచ్చింది. అందుకే సర్వేల్లో ‘వెళ్తాం’ అన్నవారి లెక్కలతోనూ పోల్చారు. చాలావరకు పొంతన కుదిరింది. అయితే వారు తీసుకున్న మాటలు ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ భాషలవే.

గుజరాత్‌లోని సూరత్‌లో మాత్రం ఈ కిటుకు సగమే పనిచేస్తుంది. అమెరికాకో కెనడాకో పోవాలనుకునే సూరతీ కుర్రాడు వీసా ఫీజు మొదలుకొని ఇంటి అద్దె దాకా అన్నీ ఫోన్‌లోనే వెతుకుతాడు కాబట్టి దొరికిపోతాడు. మరి ఆ ఊరికే వలస వచ్చేవారో? అక్కడి లింబాయత్ ప్రాంతం చుట్టుపక్కల తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు తరాలుగా మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సూరత్‌లో దిగొచ్చు. బావమరిది ఫోన్ చేసి “పని ఉంది, వచ్చెయ్” అంటే చాలు, ఇక గూగుల్‌తో పనేముంది?

ఇలాంటివారి జాడ రైలు టికెట్లలో దొరికింది. కేంద్ర ప్రభుత్వ 2016-17 ఆర్థిక సర్వే అన్‌రిజర్వుడు టికెట్ల లెక్కలు తిరగేసి, 2011-16 మధ్య ఏటా సుమారు 90 లక్షల మంది పనికోసం రాష్ట్రం దాటుతున్నారని అంచనా కట్టింది. అంతకుముందు అనుకున్నదానికంటే ఇది బాగా ఎక్కువ. జనగణనను నమ్ముకుందామంటే అది పదేళ్లకోసారే. 2021లో జరగాల్సింది వాయిదా పడింది. నన్నడిగితే, సూరత్ లాంటి ఊరికి గూగుల్ కంటే జనరల్ బోగీ టికెట్టే నమ్మకమైన సాక్షి.

పైగా గూగుల్ వెతుకులాట లెక్కలు ఒకసారి బోల్తా కొట్టాయి కూడా. అమెరికాలో ఫ్లూని ముందే పసిగడతామంటూ 2008లో మొదలైన ‘గూగుల్ ఫ్లూ ట్రెండ్స్’, 2012-13 చలికాలంలో జబ్బును దాదాపు రెట్టింపు చేసి చూపింది. 2015లో దాన్ని ఆపేశారు. వార్తలు చూసి కంగారుపడి వెతికేవారిని, నిజంగా జ్వరం వచ్చినవారిని అది వేరు చేయలేకపోయిందని చాలామంది నిపుణుల మాట. వీసా నిబంధనలు మారాయన్న వార్త రాగానే ఇలాంటిదే జరగొచ్చు.

సరదా ఉంటే మీరూ చూడొచ్చు. ‘గూగుల్ ట్రెండ్స్’ ఉచితం, 2004 నుంచి లెక్కలున్నాయి. ‘పాస్‌పోర్ట్’ అని కొట్టి గుజరాత్‌ను, తెలంగాణను పోల్చండి. 100 అని కనిపిస్తే మాత్రం వంద మంది అనుకోకండి. వెతుకులాట అన్నిటికంటే జోరుగా ఉన్న సమయానికి ఇచ్చే మార్కు అది.