మడమ దెబ్బకు మాంచెస్టర్ మునగలేదు

1974 ఏప్రిల్ 27. ఓల్డ్ ట్రఫర్డ్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్, మాంచెస్టర్ సిటీ తలపడుతున్నాయి. ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా సిటీ ఆటగాడు డెనిస్ లా గోలు వైపు వీపు పెట్టి నిలబడి, కాళ్ల దగ్గరికి వచ్చిన బంతిని మడమతో వెనక్కి తన్నాడు. గోలు పడింది. లా చేతులెత్తలేదు, నవ్వలేదు. తోటివాళ్లు వచ్చి భుజం తడుతుంటే తల దించుకుని నడిచాడు. పదకొండేళ్లు యునైటెడ్‌కు ఆడి, అక్కడి జనంతో ‘రాజు’ అనిపించుకున్న మనిషి. ముందటి ఏడాదే యునైటెడ్ ఆయన్ని పైసా తీసుకోకుండా వదిలేసింది. గోలు కాగానే ఆయన్ని బయటికి పిలిపించి ఇంకొకర్ని దింపారు. కాసేపటికి జనం మైదానంలోకి దూకారు. ఆట ఆగిపోయింది, 1-0 ఫలితమే ఖాయం చేశారు. యునైటెడ్ రెండో డివిజన్‌కు పడిపోయింది.

ఇంతవరకూ అంతా నిజమే. దీని మీద అల్లిన కథే అబద్ధం. తన పాత జట్టును లా మడమతో పాతాళానికి తొక్కాడని యాభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. అదే రోజు బర్మింగ్‌హామ్ సిటీ 2-1తో నార్విచ్‌ను ఓడించింది. ఆ ఒక్క ఫలితంతోనే యునైటెడ్ పని అయిపోయింది. లా ఆ బంతిని వదిలేసినా, యునైటెడ్ ఆ ఆట గెలిచినా, పై డివిజన్‌లో చోటు దక్కేది కాదు.

అసలు కారణం ఒక రోజుది కాదు. ఆ సీజన్‌లో ఆడిన 42 ఆటల్లో యునైటెడ్ 20 ఓడింది, మొత్తం కలిపి కొట్టినవి 38 గోల్స్. ఒక దశలో గోల్‌కీపర్ అలెక్స్ స్టెప్నీ రెండు పెనాల్టీలు కొట్టి, జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసినవాళ్ల సరసన నిలిచాడంటే ముందువరుస ఎంత మొద్దుబారిందో ఊహించుకోవచ్చు. బాబీ చార్ల్‌టన్ 1973లో వెళ్లిపోయాడు. జార్జ్ బెస్ట్ 1974 జనవరి 1న చివరి ఆట ఆడి మాయమయ్యాడు. పెద్దాయన మేనేజర్ మాట్ బస్బీ తప్పుకున్నాక ఆ కుర్చీలో ఎవరూ కుదురుకోలేదు. ఇవన్నీ వరసగా చెబితే వినేవాడు ఆవలిస్తాడు. మడమ దెబ్బ అయితే ఒక్క ముక్కలో అయిపోతుంది. ఈ క్లబ్ చరిత్రలో చెలామణీలో ఉన్న అపోహల్లో చాలా వరకు ఇలా పుట్టినవే. ఏళ్ల తరబడి జరిగినదాన్ని ఒక మనిషికో, ఒక నిమిషానికో, ఒకచోట అయితే ఏకంగా ఒక కుక్కకో అంటగట్టేశారు.

అపోహ: కుక్క తప్పిపోబట్టే క్లబ్ బతికింది

ముందు పుట్టుక సంగతి. 1878లో పెట్టినప్పుడు దీని పేరులో మాంచెస్టరూ లేదు, యునైటెడూ లేదు. లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వేవారి న్యూటన్ హీత్ డిపోలో పెట్టెలు, వ్యాగన్లు తయారుచేసే విభాగం కార్మికులు పెట్టుకున్న జట్టు అది. మన లాలాగూడ వర్క్‌షాప్ కుర్రాళ్లు షిఫ్టు దిగాక ఒక టీమ్ కట్టుకున్నట్టు. పేరు న్యూటన్ హీత్. చొక్కా సగం ఆకుపచ్చ, సగం బంగారు రంగు. ఎరుపు ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

1902 జనవరిలో 2,670 పౌండ్ల అప్పుతో క్లబ్‌ను మూసేయమని కోర్టు ఉత్తర్వు వచ్చింది. కెప్టెన్ హ్యారీ స్టాఫర్డ్ దగ్గర మేజర్ అని ఒక సెయింట్ బెర్నార్డ్ కుక్క ఉండేది. విరాళాల కోసం పెట్టిన సంతలో దాని మెడకు హుండీ కట్టి తిప్పేవారట. అది తప్పిపోయి, బీరు తయారీదారు జాన్ హెన్రీ డేవిస్ ఇంటికి చేరి, ఆయన కూతురికి నచ్చి, ఆ పరిచయంతో ఆయన క్లబ్‌ను కొన్నాడట. కుక్క ఉన్నమాట నిజం. చెప్పేవాళ్లను బట్టి మిగతా వివరాలు మారిపోతుంటాయి.

లెక్కల్లో కనిపించేది ఇది: స్టాఫర్డ్ నలుగురు వ్యాపారుల్ని కూడగట్టాడు. తలా 500 పౌండ్లు పెట్టారు, బదులుగా క్లబ్ నడపడంలో వాటా తీసుకున్నారు. ఆ నలుగురిలో డేవిస్ ఒకడు, అధ్యక్షుడయ్యాడు. ఏప్రిల్‌లో కొత్త పేరు పెట్టారు. మాంచెస్టర్ సెంట్రల్, మాంచెస్టర్ సెల్టిక్ కూడా పరిశీలనకు వచ్చి వెనక్కి పోయాయి. తర్వాత 1910లో తెరిచిన ఓల్డ్ ట్రఫర్డ్ కట్టడానికి ముందుకొచ్చిన డబ్బు కూడా డేవిస్‌దే. డబ్బున్నవాళ్లను కూడగట్టిన స్టాఫర్డ్‌కు రావలసిన పేరు కుక్కకు పోయిందని నాకు అనిపిస్తుంది.

అపోహ: సిటీతో పగ పుట్టుకతోనే ఉంది

1908లో తొలి లీగ్ టైటిల్, 1909లో తొలి ఎఫ్‌ఏ కప్ గెలిచిన యునైటెడ్ జట్టుకు ప్రాణం పోసింది సిటీ ఆటగాళ్లే. అక్రమ చెల్లింపుల వ్యవహారంలో సిటీ ఆటగాళ్ల మీద వేటు పడినప్పుడు బిల్లీ మెరెడిత్, శాండీ టర్న్‌బుల్ సహా నలుగురిని యునైటెడ్ తెచ్చుకుంది. 1941 మార్చిలో జర్మన్ బాంబులు ఓల్డ్ ట్రఫర్డ్‌ను కూల్చేస్తే 1949 దాకా యునైటెడ్ తన ‘సొంత’ ఆటలు ఆడింది సిటీ మైదానం మెయిన్ రోడ్‌లోనే. 1956లో ఐరోపా కప్పులో ఆండర్‌లెక్ట్‌ను 10-0తో చితక్కొట్టిందీ అక్కడే, ఎందుకంటే ఓల్డ్ ట్రఫర్డ్‌లో ఇంకా రాత్రి ఆటలకు దీపాలు లేవు. యునైటెడ్‌కు ఇలవేల్పు లాంటి బస్బీ కూడా ఆటగాడిగా 1934లో ఎఫ్‌ఏ కప్ అందుకున్నది సిటీ చొక్కాలో. పైగా లివర్‌పూల్‌కూ ఆడాడు. ఇవాళ టీవీ ముందు ఒకరినొకరు తిట్టుకునే రెండు వర్గాల అభిమానులకూ ఈ సంగతులు అంతగా రుచించవు.

అపోహ: మ్యూనిక్ ప్రమాదానికి పైలటే కారకుడు

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ అపోహ ఒక మనిషి బతుకును తినేసింది.

1958 ఫిబ్రవరి 5న బెల్‌గ్రేడ్‌లో రెడ్ స్టార్‌తో 3-3 డ్రా చేసుకుని యునైటెడ్ ఐరోపా కప్పు సెమీస్‌కు చేరింది. మర్నాడు తిరుగు ప్రయాణంలో ఇంధనం కోసం విమానం మ్యూనిక్‌లో దిగింది. మంచు పడుతోంది. ఇంజన్ సరిగా పలకక రెండుసార్లు పైకి లేవబోయి ఆపేశారు. మూడోసారి విమానం రన్‌వే చివర కంచెను చీల్చుకుపోయి ఒక ఇంటిని ఢీకొట్టింది. 44 మందిలో 23 మంది పోయారు. ఎనిమిది మంది ఆటగాళ్లు, ముగ్గురు క్లబ్ ఉద్యోగులు, ఎనిమిది మంది విలేకరులు. ఆ విలేకరుల్లో ఒకడు సిటీ మాజీ గోల్‌కీపర్ ఫ్రాంక్ స్విఫ్ట్. ఇరవై ఒక్కేళ్ల డంకన్ ఎడ్వర్డ్స్ పదిహేను రోజులు ఆసుపత్రిలో పోరాడి కన్నుమూశాడు.

రెక్కల మీద పేరుకున్న మంచును కెప్టెన్ జేమ్స్ థెయిన్ తీయించలేదు, అందుకే విమానం లేవలేదు అని జర్మన్ విచారణ తేల్చింది. ఆ సమయంలో విమానం నడుపుతున్నది సహ పైలట్ కెన్నెత్ రేమెంట్. ఆయనా ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. బతికి ఉన్న థెయిన్ మీదే నింద మొత్తం పడింది. 1960 చివర్లో బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేసింది.

విమానం వేగం చెప్పే కథ వేరు. గంటకు సుమారు 217 కిలోమీటర్లు అందుకుంది. ఇంకొక్క నాలుగైదు కిలోమీటర్లు పెరిగితే గాల్లోకి లేచేది. 217 దాటాక ఆపడానికి వీలుండదు. సరిగ్గా అక్కడ వేగం పెరగడం మాని తగ్గింది, 195 దాకా పడిపోయింది. ఇంజన్లు పూర్తి బలంతో లాగుతున్నా వేగం పడిపోయిందంటే కింద ఏదో పట్టుకుంటోందన్నమాట. రన్‌వే చివరి భాగంలో సగం కరిగి, బురదలా నిలిచిన మంచునీరు చక్రాలను పట్టేసింది. అంతకుముందు వెళ్లిన విమానాలు ఆ భాగం దాకా రాకుండానే పైకి లేచిపోవడంతో అక్కడి మంచును ఎవరూ చెదరగొట్టలేదు. రెక్కల మీద మంచుకు రుజువని చూపిన ఫోటో అసలు నెగటివ్‌ను పరీక్షిస్తే ఆ తెలుపు ఎండ మెరుపని తేలింది.

రెక్కల సంగతి కెప్టెన్ చూసుకోవాలి, రన్‌వే సంగతి విమానాశ్రయం చూసుకోవాలి. తప్పు ఎటు వాలితే ఎవరికి తలనొప్పో వేరే చెప్పక్కర్లేదు. బ్రిటిష్ విచారణ 1969లో థెయిన్‌ను నిర్దోషిగా తేల్చింది. పదకొండేళ్లు ఆయన ఆ కాగితాలతోనే కుస్తీ పట్టాడు. బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ విమానం మళ్లీ నడపలేదు. 1975లో పోయాడు. ఇప్పటికీ ఎవరో ఒకరు ‘పైలట్ నిర్లక్ష్యం’ అని రాస్తూనే ఉంటారు.

ఇదే ప్రమాదం చుట్టూ ఇంకో మాట ఉంది, జట్టంతా పోయిందని. పదిహేడు మంది ఆటగాళ్లలో తొమ్మిది మంది బతికారు, అందులో ఇద్దరు మళ్లీ ఆడలేకపోయారు. బస్బీ ఆసుపత్రిలో ఉంటే ఆయన సహాయకుడు జిమ్మీ మర్ఫీ బాధ్యత ఎత్తుకున్నాడు. వేల్స్ జాతీయ జట్టు పని మీద కార్డిఫ్‌లో ఉండిపోవడంతో ఆయన ఆ విమానం ఎక్కలేదు. పదమూడు రోజులకే, ఫిబ్రవరి 19న, షెఫీల్డ్ వెన్స్‌డేతో ఎఫ్‌ఏ కప్ ఆట. ఎవరు ఆడతారో తెలియక, ఆ రోజు అమ్మిన కార్యక్రమ పత్రికలో యునైటెడ్ పేర్లుండాల్సిన చోట ఖాళీ గీతలు అచ్చేశారు. 3-0తో గెలిచారు. అందులో రెండు గోల్స్ అదే మొదటి ఆటగా దిగిన షే బ్రెన్నన్‌వి, వాటిలో ఒకటి నేరుగా కార్నర్ నుంచి. అదే బ్రెన్నన్ పదేళ్ల తర్వాత, 1968 మే 29న, వెంబ్లీలో బెన్ఫికాను 4-1తో ఓడించి ఐరోపా కప్పు గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. మ్యూనిక్ నుంచి బయటపడినవాళ్లలో ఆ రోజు ఆడింది చార్ల్‌టన్, బిల్ ఫౌల్క్స్ ఇద్దరే.

అన్నట్టు ఆ కప్పు గెలిచిన తొలి బ్రిటిష్ క్లబ్ యునైటెడ్ అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో తొలి క్లబ్ అది. స్కాట్లండ్ జట్టు సెల్టిక్ ఏడాది ముందే, 1967లో గెలిచేసింది.

అపోహ: ఒక్క గోలు ఫెర్గూసన్ ఉద్యోగం నిలబెట్టింది

అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబరులో మేనేజరుగా వచ్చాడు. మూడేళ్లు గడిచినా చేతిలో కప్పు లేదు. 1989 సెప్టెంబరులో సిటీ 5-1తో చావగొట్టింది. చాలించి వెళ్లిపొమ్మని స్టాండుల్లో బ్యానరు లేచింది. 1990 జనవరి 7న నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో ఎఫ్‌ఏ కప్ ఆట ఓడితే ఇంటికేనని పత్రికలు తీర్పు రాసేశాయి. కుర్రాడు మార్క్ రాబిన్స్ తలతో గోలు కొట్టాడు, 1-0.

అప్పటి ఛైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్ ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఒకే మాట చెప్పాడు, తీసేసే ఆలోచన బోర్డుకు లేదని. బ్యానరు జనానికి కనిపించింది. బోర్డుకు కనిపించింది వేరు: కిందిస్థాయి కుర్రాళ్ల శిక్షణను, ప్రతిభ వెతికేవాళ్ల బృందాన్ని ఫెర్గూసన్ తిరగరాస్తున్నాడు. ఆ ఫలితం ఒక ఆదివారంతో తేలేది కాదు. ఓడి ఉంటే ఒత్తిడి ఎంత పెరిగేదో ఎవరూ చెప్పలేరు, ఆ మేరకు పత్రికలవాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. రాబిన్స్‌కు పేరు రావాల్సిన ఇంకో ఆట కూడా ఉంది. అదే కప్పు సెమీస్‌లో ఓల్డమ్‌తో రెండోసారి తలపడినప్పుడు గెలుపు గోలు అతనిదే. దాన్ని ఎవరూ తలవరు. ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్‌తో 3-3, మళ్లీ ఆడితే 1-0. గోలు కొట్టింది లీ మార్టిన్ అనే డిఫెండర్. లీగ్ టైటిల్ కోసం 1993 దాకా ఆగాల్సి వచ్చింది, అది కూడా 26 ఏళ్ల తర్వాత.

అపోహ: 1996లో గెలిచింది పిల్లకాయల జట్టు

1995 ఆగస్టులో ఆస్టన్ విల్లా చేతిలో 3-1తో ఓడాక, పిల్లలతో ఏదీ గెలవలేరని విశ్లేషకుడు అలన్ హాన్సెన్ టీవీలో తేల్చేశాడు. యునైటెడ్ ఆ సీజన్‌లో లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ ఎత్తుకుపోయింది. హాన్సెన్‌ను ఇప్పటికీ ఆడిపోసుకుంటారు. బెకమ్, స్కోల్స్, నెవిల్ సోదరులు, బట్, గిగ్స్ గొప్పవాళ్లే. కానీ గోలు దగ్గర పీటర్ ష్మైకెల్, రక్షణలో బ్రూస్, పాలిస్టర్, ఇర్విన్, మధ్యలో రాయ్ కీన్. ముందు ఎరిక్ కాంటొనా. ఒక ప్రేక్షకుణ్ణి ఎగిరి తన్నిన నేరానికి శిక్ష ముగించుకుని అక్టోబరులో తిరిగొచ్చాడు. జనవరిలో న్యూకాజిల్ 12 పాయింట్లు ముందుంది. మార్చిలో వాళ్ల మైదానంలోనే ష్మైకెల్ వరసగా బంతుల్ని ఆపుతుంటే, కాంటొనా ఒక్క గోలుతో ఆట లాగేశాడు. కప్పు ఫైనల్లో లివర్‌పూల్ మీదా గోలు అతనిదే. అంటే హాన్సెన్ మాట పూర్తిగా తప్పు కాదు. ఒట్టి పిల్లలతో ఎవరూ గెలవలేదు.

దీనికి తిరగేసి, యునైటెడ్ అంటే డబ్బుతో కొన్న విజయమేనని ప్రత్యర్థులు అంటారు. 1989లో పాలిస్టర్‌కు, 1993లో కీన్‌కు బ్రిటిష్ క్లబ్‌ల మధ్య బదిలీల్లో రికార్డు ధర పెట్టిన మాట వాస్తవం. 1937 నుంచి ప్రతి ఆటలోనూ సొంత శిక్షణలో పెరిగిన ఆటగాడు ఒకడైనా జట్టులో ఉన్నాడన్నదీ అంతే వాస్తవం. 2019 డిసెంబరు నాటికి ఆ వరస 4,000 ఆటలకు చేరింది.

అపోహ: గ్లేజర్లు డబ్బు పెట్టి క్లబ్‌ను పెద్దది చేశారు

2005లో అమెరికన్ గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్లకు క్లబ్‌ను చేజిక్కించుకుంది. అందులో పెద్ద భాగం అప్పు, ఆ అప్పులో ఎక్కువ భారం పడింది క్లబ్ నెత్తినే. ఇల్లు కొనడానికి ఆ ఇంటినే తాకట్టు పెట్టడం, వడ్డీ మాత్రం ఇంట్లో ఉండేవాళ్లు కట్టడం. కోపం వచ్చిన కొందరు అభిమానులు అదే ఏడాది విడిపోయి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అనే సొంత క్లబ్ పెట్టుకున్నారు. మిగిలినవాళ్లు 2010లో న్యూటన్ హీత్ నాటి ఆకుపచ్చ, బంగారు రంగు స్కార్ఫులు మెడలో వేసుకుని వచ్చారు. ఆ మార్చిలో ఏసీ మిలాన్ తరఫున ఓల్డ్ ట్రఫర్డ్‌కు వచ్చిన డేవిడ్ బెకమ్, ఆట అయ్యాక జనం విసిరిన స్కార్ఫును మెడలో వేసుకుని నడిచాడు. 2024లో వ్యాపారవేత్త జిమ్ రాట్‌క్లిఫ్ పావు వంతుకు పైగా వాటా కొని ఆట వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాడు. పెద్ద వాటా మాత్రం గ్లేజర్ల దగ్గరే ఉంది, అప్పూ అలాగే ఉంది.